టికియాపారాలో పొన్నగంటి కూర

కలకత్తా వెళ్ళొచ్చినవాళ్ళు హౌరా వంతెన గురించి, ట్రాముల గురించి, మిఠాయిల గురించి చెప్తారు. నేను ఎనిమిది రోజులుండి వంతెన కిందినుంచీ పోయాను, మీదినుంచీ పోయాను గాని దాన్ని సరిగ్గా చూడలేదు. ట్రాము ఒకటి ఎక్కాను గాని అది కదలలేదు. మిఠాయిలు తిన్నాను, వాటి గురించి నేను కొత్తగా చెప్పగలిగిందేమీ లేదు. చెప్పగలిగిందల్లా ఆ ఊళ్ళో రైలు పట్టాల పక్కన, చెరువు గట్ల మీద ఎవరూ విత్తకుండా మొలిచే ఆకుకూరల గురించీ, వాటిని కోసి అమ్మే ఒక మనిషి గురించీ. కలకత్తా చూడనివాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. చూసినవాళ్ళు కూడా ఇది చూసి ఉండరు.

నేను విజయనగరంలో ఒక ఆడపిల్లల కాలేజీలో పోషకాహారం గురించి పాఠం చెప్తాను. పంతొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను. పిల్లలు నన్ను వెనకాల తోటకూర మేడం అంటారు. ఒకసారి నా ముందే అన్నారు. పండించని ఆకుకూరల మీద, అంటే పొన్నగంటి, గలిజేరు, తూటికూర, చెంచలి లాంటి వాటిలో ఎంత ఇనుము, ఎంత సున్నం, ఎంత విటమిన్ ఉందో చూసి ఒక వ్యాసం రాశాను. దాన్ని చదవడానికి కలకత్తాలో ఒక సెమినార్‌కి రమ్మన్నారు. అది దసరా అయిపోయి దీపావళి రాబోతున్న వారం. అప్పట్లో ఆ ఊరంతా మెట్రో రైలు కోసం తవ్వేసి ఉంది.

హౌరా

రైలు నాలుగు గంటలు ఆలస్యంగా చేరింది. స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్ నా పెట్టె తెరవమన్నాడు. అందులో రెండు చీరలు, పాత తెలుగు పేపర్ల మధ్య అతికించిన ఇరవై రెండు రకాల ఎండుటాకులు ఉన్నాయి. అతను మొదటి కాగితం ఎత్తి వాసన చూశాడు. నన్ను చూశాడు. రెండోది వాసన చూశాడు. నాకు బెంగాలీ రాదు, అతనికి నా ఇంగ్లీషు నచ్చలేదు. "శాక్, శాక్" అన్నాను, ఆకుకూరకి వాళ్ళ మాట అదొక్కటే నాకు తెలుసు కనుక. అతను నమ్మకుండా ఒక్కో కాగితం వరసగా వాసన చూస్తూ పోయాడు. పదకొండో దాని దగ్గర ఆగి, ముఖం మార్చి, "శాంచీ!" అన్నాడు. అది పొన్నగంటి. వాళ్ళమ్మ వండుతుందట, కంటికి మంచిదట. మిగతా పదకొండూ చూడకుండానే పెట్టె మూసి, తనే ఎత్తి బయటిదాకా తెచ్చాడు.

బయట మా ఆడపడుచు సుభద్ర భర్త రామ్మూర్తి అన్నయ్యగారు నిలబడి ఉన్నారు. నా వెనకాల పోలీసును చూసి ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. తర్వాత అదేమీ లేదన్నారు గాని నేను చూశాను.

లిలువా

రామ్మూర్తి అన్నయ్యగారిది లిలువా రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. క్వార్టర్స్‌లో ఒక పక్క బీహారు వాళ్ళు, ఒక పక్క ఒరియా వాళ్ళు, పైన బెంగాలీ కుటుంబం. అందరూ ఒకే గోడకి బట్టలారేస్తారు. ఆ గోడ మీద ఎర్రరంగుతో పెద్ద పెద్ద అక్షరాల ఎన్నికల నినాదం ఉంది. ఎన్నికలు ఎప్పుడో అయిపోయాయి.

భోజనంలో సుభద్ర తోటకూర పప్పు పెట్టింది.

"వదినా, ఇక్కడి వాళ్ళు ఆకుకూర రాత్రిపూట ముట్టరు. పప్పులో వెయ్యరు. ఆవనూనెలో వేయించి, చిటికెడు పంచదార వేసి, అన్నంలో అన్నిటికంటే ముందు తింటారు. నేను పదకొండేళ్ళుగా పప్పులో వేసి రాత్రుళ్ళు పెడుతున్నాను. పైనావిడకి తెలిసినప్పటినుంచీ ఈయన్ని జాలిగా చూస్తోంది."

"ఏమైనా అయిందా మరి?"

"బట్టతల వచ్చింది. అది వీళ్ళ వంశంలోనే ఉంది" అంది సుభద్ర.

సెమినార్ గురించి ఎక్కువ రాయను. నాకు ఇరవై నిమిషాలిస్తామన్నారు, ఏడు ఇచ్చారు. మూడో నిమిషంలో కరెంటు పోయింది. కలకత్తాలో అది రోజూ పోతుంది కనుక ఎవరూ కదల్లేదు, చీకట్లో మర్యాదగా కూర్చున్నారు. నా స్లైడ్లు ఎవరికీ కనిపించలేదు. సమయం లేక నాలుగో పేజీ వదిలేశాను. ఆకుల్లో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదని, దానికి అడ్డుపడేవి ఉన్నాయని చెప్పే పేజీ అది. మధ్యాహ్నం భోజనంలో చేప, కోడిగుడ్డు, బంగాళాదుంప, పెరుగు, ఒక మిఠాయి పెట్టారు. ఆకుకూర లేదు.

రేవు పక్క బజారు

మూడో రోజు హౌరా నుంచి ఫెర్రీ ఎక్కి నది దాటాను. వంతెన కింద నుంచి పోయినప్పుడు అందరూ తలలెత్తారు, నేను నీళ్ళ మీద తేలుతున్న తూటికూర చూశాను. అవతలి రేవు పక్కన చిన్న బజారు ఉంది. చివర, గోనెపట్టా మీద ఆకుకూరలు పోసుకుని ఒకామె కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. చేతులకు రాగి కడియాలు, నుదుట పచ్చబొట్టు. కొనేవాళ్ళతో గబగబా బెంగాలీ మాట్లాడుతోంది.

ఆమె ముందున్నవి కూరగాయల దుకాణాల్లో కనిపించేవి కావు. కసింద ఆకు, గలిజేరు, సరస్వతి ఆకు, తూటికూర, నాలుగు రెక్కలుగా విచ్చుకుని నీళ్ళలో పెరిగే ఒక ఆకు. నేను ఒక కట్ట చేతిలోకి తీసుకుని నాలో నేనే "ఇది మన పొన్నగంటి కాదూ" అన్నాను.

"పొన్నగంటి కాపోతే గులాబీ అనుకున్నావేటి?" అంది ఆమె కట్టకు నార చుడుతూ.

తల ఎత్తి నన్ను చూడలేదు కూడా. తెలుగు వినబడినందుకు ఆశ్చర్యపోయింది నేనే, ఆమె కాదు.

ఆమె పేరు పైడమ్మ. శ్రీకాకుళం అవతల పల్లె. పదమూడో ఏట పెళ్ళయి కలకత్తా వచ్చింది. భర్త కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చేవాడు, పోయాడు. ఆ పనే ఇప్పుడు కొడుకు సన్యాసి చేస్తున్నాడు. హౌరా వైపు టికియాపారాలో రైలు పట్టాల పక్కన గది. రోజూ తెల్లారి ఆకు కోసుకుని, ఫెర్రీలో నది దాటి వచ్చి అమ్ముతుంది. కట్ట పావలా. బేరమాడితే పావలాయే.

నేను ఏం చేస్తానో చెప్పాను. ఏ ఆకులో ఏముందో కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"ఇది చెప్పినందుకు జీతమిత్తారా?"

"ఇస్తారు."

"మంచి పనే" అంది పైడమ్మ. నవ్వలేదు.

మన దీపావళి రోజున వాళ్ళు చేసే కాళీపూజకు ముందురోజు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లో పద్నాలుగు రకాల ఆకులు కలిపి వండుకుని తింటారని, దానికి చొద్దో శాక్ అంటారని ఆమె ద్వారానే తెలిసింది. చచ్చిపోయిన పద్నాలుగు తరాల పెద్దల పేరున తింటారట. ఆ సాయంత్రం పద్నాలుగు దీపాలు పెడతారట. మనకు తద్దినం రోజున తినకూడనివాటి జాబితా ఉంది గాని ఇలా తినాల్సిన ఆకుల జాబితా లేదు. ఆ పండుగ శనివారం వచ్చింది. పైడమ్మకి ఏడాది మొత్తం మీద అదే పెద్ద బేరం.

"నీతో కొయ్యడానికి నేనూ వస్తాను" అన్నాను.

"చెప్పులిడిసి రావాల" అంది.

టికియాపారా

బుధవారం పొద్దున్నే వెళ్ళాను. పట్టాలకు అవతల లోతట్టుగా నీళ్ళు నిలిచిన నేల, దాని వెంట గట్టు. పైడమ్మ మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి దిగింది. నేనూ చెప్పులు విడిచి దిగాను. మొదటి అడుగులో పాదం, రెండో అడుగులో పిక్క బురదలోకి పోయాయి. మూడో అడుగులో నేను కూర్చున్నాను. పట్టాల మీద పోతున్న లోకల్ రైలు తలుపుల్లో వేలాడుతున్నవాళ్ళంతా చూశారు. ఒకాయన చెయ్యి ఊపాడు.

కాస్త దూరంలో ఒక కాలువ పక్కన పొన్నగంటి అద్భుతంగా ఉంది. ఆకు ఒక్కొక్కటి నా బొటనవేలంత. పంతొమ్మిదేళ్ళలో అంత ఏపుగా చూడలేదు. వెళ్ళి కోస్తుంటే పైడమ్మ వచ్చి నా చేతిలోది లాగి పారేసింది.

"అది కొయ్యకు."

"ఎంత బాగుందో చూడు!"

"బాగుంతాది. ఆ నీల్లు ఎక్కడినుంచొత్తన్నాయో సూసినావా? ఆ గోడవతల పాత బేటరీలు కరిగిత్తారు. ఆ నీల్లు గేదె ముట్టదు. నీకు సదువుంది గాని ఆకు కోసే ముందు పైకి సూడవేటి?"

మొక్క నీళ్ళలోంచి ఏది దొరికితే అది తీసుకుంటుందని, మంచిదీ చెడ్డదీ ఎంచుకోదని నేను ఏటా పాఠం చెప్తాను. కాలువ ఎక్కడినుంచి వస్తోందో చూడాలని మాత్రం నాకు తోచలేదు. తర్వాత గంటసేపు ఆమె చూపించిన చోటే కోశాను.

కోసిన ఆకుతో పైడమ్మ గదికి వెళ్ళాం. అది పట్టాలకు ఎంత దగ్గరంటే రైలు పోయినప్పుడల్లా గిన్నెలు కదిలేవి, మాటలు ఆపి మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు. గుమ్మంలో కోడలు గౌరి కట్టలు కడుతోంది. ఇరవై ఏళ్ళుంటాయి. ఏడో నెల. కలకత్తాలో పుట్టిన పిల్ల, తెలుగు ఇంట్లోనే నేర్చుకుంది. నన్ను "మాసీ" అని పిలిచింది, పిన్ని అన్నమాట.

ఆమె పక్కన పగిలిన మట్టి కప్పుల పెంకులు చిన్న కుప్పగా ఉన్నాయి. అక్కడ టీకొట్లలో తాగి పారేసే మట్టి కప్పులు. గౌరి ఒక పెంకు తీసుకుని, బిస్కెట్ తిన్నట్టు కొరికి నమిలింది. కట్ట కట్టింది. ఇంకో ముక్క కొరికింది.

"ఎప్పట్నుంచి తింటున్నావమ్మా ఇవి?"

"మూడు నెలలు మాసీ. ఆ వాసనొత్తే మనసాగదు."

"కడుపుతో ఉన్నోలికి మట్టి మీదకి పేనం పోద్ది" అంది పైడమ్మ. "మా ఊల్లో గోడగీకి తినీవోలు. ఈ ఊల్లో కప్పులు."

నేను గౌరిని వెలుతురులోకి రమ్మన్నాను. నాలుగడుగులు వేసి, రొప్పుతూ గోడ పట్టుకుంది. కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా ఉంది. గోళ్ళు తెల్లగా, గుంటలు పడి ఉన్నాయి. మట్టి మీదికి అలా మనసుపోవడం రక్తంలో ఇనుము తగ్గినవాళ్ళలో తరచుగా కనిపిస్తుందని పుస్తకాల్లో ఉంటుంది. దాని పక్కన బొమ్మ కూడా ఉంటుంది. బొమ్మ గౌరిలా నన్ను చూసి నవ్వదు.

"ఈ పిల్లకి రక్తం లేదు పైడమ్మా. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి."

పైడమ్మ చేతిలో నార ఆగింది.

"నా కోడలికా? పొన్నగంటి ఒకరోజు, గలిజేరు ఒకరోజు, మునగాకు ఒకరోజు. ఊరందరికీ రగతం పట్టాలని ఆకమ్ముతున్నాను, నా ఇంట్లో దానికి తక్కువ సేసినానా? నువ్వే సెప్పినావు కదా నిన్న, ఇందులో ఇనుమున్నాది అని!"

చెప్పాను. చాలా సేపు చెప్పాను.

"అన్నం తిన్నాక ఏం తాగుతుంది?"

"సా. మూడు పూటలా ఉండాల దానికి."

టీ. పాలు లేకుండా నల్లగా మరిగించిన టీ. ఆకులో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా చేసేవాటిలో మొదటిది అదే. నా నాలుగో పేజీలో మొదటి వాక్యం. అదంతా వివరించబోతే పైడమ్మ చెయ్యెత్తి ఆపింది. గౌరిని నీళ్ళకు పంపింది. ఒక రైలు పోయేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

ఆమెకి కూతురు ఉండేది, నూకాలు. ఏడేళ్ళ కిందట పురిటికి ఇక్కడికే వచ్చింది. ఇలాగే తెల్లగా ఉండేది. పైడమ్మ తొమ్మిది నెలలూ ఆకుకూరలు పెట్టింది. నొప్పులొచ్చాక రక్తం ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

"నడిపించుకెల్లినాం. గేటు కాడ నన్నాపీసినారు. అది తిరిగి సూత్తా ఎల్లింది. మల్లీ మోసుకొచ్చినాం." ఆమె కట్ట కట్టడం మొదలుపెట్టింది. కట్టి, మళ్ళీ విప్పింది. "దిదిమోణీ, ఒకమాట సెప్పు. ఆకు సాలదంటున్నావు. అయితే నా నూకాలికి నాను పెట్టింది సాలనేదా?"

దిదిమోణి అంటే వాళ్ళ భాషలో టీచరమ్మ. ఆమె విప్పిన కట్టను నేను దగ్గరికి లాక్కున్నాను.

"పైడమ్మా, ఆకు మంచిదని నేను పంతొమ్మిదేళ్ళుగా గొంతు చించుకుంటున్నాను. అది నిజమే. కంటికి, ఎముకకి, ఒంటికి అది చేసేది చేస్తుంది. కానీ రక్తం బాగా తగ్గిపోయాక అదొక్కటే చాలదని నేనూ చదువుకున్నాను. చదువుకుని, ఆ ముక్క గట్టిగా చెప్పకుండా ఆకు గురించే చెప్పుకుంటూ పోయాను. తెలిసిన నేనే చెప్పనప్పుడు నీకెలా తెలుస్తుంది? నువ్వు పెట్టింది తప్పు కాదు. దాంతోపాటు ఇంకొకటి కావలసింది. అది నీకెవరూ చెప్పలేదు."

ఆమె మళ్ళీ నార అందుకుంది. శనివారం పండుగ, ఇంకా ఎన్నో కట్టలు కట్టాలంది. నేను లిలువా క్వార్టర్స్ గుర్తులు చెప్పి, లేచి చెప్పులు వెతుక్కున్నాను. ఒకటే దొరికింది. లిలువాకి ఒక చెప్పుతో వెళ్ళాను. రామ్మూర్తి అన్నయ్యగారు నా కాళ్ళు చూసి ఏమీ అడగలేదు, అప్పటికి ఆయనకి అలవాటైంది.

ఊరేగింపు

గురువారం పొద్దున్న ఏడింటికి సుభద్ర తలుపు తీస్తే మెట్ల మీద పైడమ్మ, పక్కన గౌరి కూర్చుని ఉన్నారు. ఇద్దరూ తలస్నానం చేసి ఉతికిన చీరలు కట్టుకున్నారు.

"ఏ ఆస్పత్రి?" అంది పైడమ్మ. "నువ్వు లోపలికెల్లాల. నన్నాపీసినా నువ్వాగొద్దు. పిల్ల సెయ్యి ఒగ్గొద్దు."

ఒగ్గనన్నాను.

సుభద్ర టాక్సీ పిలిపించింది. రామ్మూర్తి అన్నయ్యగారు ఇదంతా మన పని కాదన్నారు. సుభద్ర ఆయన వైపు చూసింది. ఆయన లోపలికెళ్ళి సోడా సీసా ఒకటి, విసనకర్ర ఒకటి తెచ్చి టాక్సీలో పెట్టారు.

వంతెన దాటి కాస్త దూరం పోయేసరికి టాక్సీ ఆగింది. ముందు బస్సులు, ట్రాములు, రిక్షాలు అన్నీ ఆగి ఉన్నాయి. "మిఛిల్" అన్నాడు డ్రైవరు ఇంజను ఆపేసి, కాళ్ళు చాపుకుంటూ. ఊరేగింపు. కలకత్తాలో ఎవరైనా ఆలస్యంగా వస్తే ఆ ఒక్కమాట చాలు, ఇంక ఎవరూ కారణమడగరు. ఎర్రజెండాలు పట్టుకుని నాలుగేసి వరసల్లో మనుషులు పోతున్నారు. చివర కనిపించడం లేదు. పక్కలకి తాళ్ళు పట్టుకుని వాలంటీర్లు నడుస్తున్నారు.

ఎండ ఎక్కింది. గౌరి కళ్ళు మూసుకుని సీటుకి తల ఆనించింది. పెదాల్లో రంగు లేదు. పైడమ్మ విసురుతూ విసురుతూ హఠాత్తుగా తల బయటపెట్టి కేకేసింది.

"ఒరే సన్నాసీ!"

మూడో వరసలో జెండా పట్టుకుని నినాదం ఇస్తున్న మనిషి నోరు తెరుచుకునే ఆగిపోయాడు. అతనే గౌరి భర్త. కార్పొరేషన్ పనివాళ్ళ ఊరేగింపు అది. భార్యను ఆస్పత్రికి తీసుకెళ్తున్నారని అతనికి తెలియదు, రాత్రి డ్యూటీ నుంచి అటే వచ్చాడు. తాళ్ళ కింద నుంచి దూరి వచ్చి, గౌరిని చూసి, "ఏటయినాదే?" అన్నాడు. ఆమె కళ్ళు తెరిచి, "ఏటీ నేదు, నువ్వు సీటీ మర్సిపోయినావు" అంది. ఇంటి దగ్గర అన్నం కారియర్ మరిచిపోయినట్టు అంది. సీటీ అంటే పనిలో ఊదే ఈల.

సన్యాసి వాలంటీరుతో ఏదో చెప్పాడు. వాలంటీరు టాక్సీలోకి వంగి చూసి, ఈల ఊది, తాడు పైకెత్తాడు. నాలుగు వరసలూ ఆగి మధ్యలో దారిచ్చాయి. సన్యాసి ముందు సీట్లో కూర్చున్నాడు. జెండా ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీలోంచి బయటికి పట్టుకున్నాడు. అక్కడినుంచి ఆస్పత్రిదాకా మమ్మల్ని ఏ కూడలిలోనూ ఎవరూ ఆపలేదు.

ఆస్పత్రి

గేటు దగ్గర కాపలావాడు ఒక్కరే లోపలికన్నాడు. పైడమ్మ నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. నా సంచిలో సెమినార్ వాళ్ళిచ్చిన బ్యాడ్జి ఉంది, నీలం రిబ్బను, బంగారురంగు అక్షరాలు. దాన్ని చీరకి గుచ్చుకుని గౌరి చెయ్యి పట్టుకుని నడిచాను. కాపలావాడు లేచి నిలబడ్డాడు. నేనేమీ చెప్పలేదు. అతనేమనుకున్నాడో అడగలేదు.

లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ. కుర్చీలో కూర్చుని ఉందేగాని అప్పటికే రోజంతా నిలబడినట్టుంది. రక్తం తీయించింది, మలపరీక్ష చేయించింది. రెండూ మధ్యాహ్నానికి వచ్చాయి. చూసి, ఇంగ్లీషులో నాతో అంది:

"ఈ స్థితిలో ఇంట్లో పురుడు పోస్తే ఈ అమ్మాయి బతకదు. కడుపులో కొక్కేల్లాంటి పురుగులున్నాయి. అవి రక్తం తాగుతున్నాయి. ఎంత ఇనుము తిన్నా ముందు వాటికే. ఈమె ఏం పని చేస్తుంది?"

"అత్తగారితో ఆకుకూరలు కోస్తుంది. బురదలో."

"చెప్పుల్లేకుండా?"

"చెప్పుల్లేకుండా."

ఆ పురుగులు తడి మట్టిలో ఉంటాయి, పాదాల చర్మంలోంచి ఒంట్లోకి పోతాయి. మనుషులు బహిర్భూమికి పోయే నేలయితే మరీను. గౌరి పెళ్ళయినప్పటినుంచీ రోజూ ఆ గట్టు మీద ఉంది. ఏ నేల ఆమెకి కూర పెట్టిందో ఆ నేలే ఆమె రక్తం తాగేసింది. డాక్టరమ్మ వంగి నా కాళ్ళు చూసింది. నిన్నటి బురద గోళ్ళలో ఇంకా ఉంది. మారుమాట లేకుండా నా పేరున కూడా ఒక చీటీ రాసింది, రెండు నెలలాగి పరీక్ష చేయించుకోమని.

గౌరికి పురుగుల మందు, ఇనుము సూదులు, మాత్రలు. వారం వారం రావాలి. పురుడు ఇక్కడే, నెప్పులు రాకముందే చేరాలి, అవసరమైతే రక్తం ఎక్కించాలి. ఆకుకూరలు మానొద్దు, నిమ్మకాయ పిండుకుని తినాలి. టీ తిండితో కలపొద్దు.

"ఆకుకూరలు చాలా మంచివి" అంది డాక్టరమ్మ నాకు నచ్చచెప్తున్నట్టు. "కానీ వాటి మీదే అంతా పెట్టకూడదు. ఈ సంగతి ఎవరైనా వీళ్ళకి చెప్పాలి."

చెప్తానన్నాను.

గేటు బయట పైడమ్మ, సన్యాసి జెండా చుట్టిన కర్రతో సహా నిలబడి ఉన్నారు. గౌరి నడిచి బయటికొచ్చింది. పైడమ్మ ఆమె ముఖం చూసింది, చేతులు చూసింది, సూది గుచ్చిన చోట దూది ఎత్తి చూసింది. తర్వాత గోడ వైపు తిరిగి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సన్యాసి కంగారుపడి నన్ను "ఏటి సెప్పినారు, ఏటి సెప్పినారు" అని అడుగుతూనే ఉన్నాడు. అన్నీ చెప్పాను. ఈసారి నాలుగో పేజీ మొత్తం చెప్పాను, ఏదీ వదల్లేదు. పైడమ్మ వెనక్కి తిరగకుండానే అంతా విన్నది.

పద్నాలుగు ఆకుల రోజు

శనివారం బజారు కిటకిటలాడింది. నేను గోనెపట్టా మీద పైడమ్మ పక్కన కూర్చుని కట్టలందించాను. గౌరి ఇంటిదగ్గరే ఉంది. ఉండమని పైడమ్మే అంది, నేను కాదు.

తెల్లటి ధోవతి కట్టిన పెద్దాయన ఒకరు వచ్చి, కట్ట విప్పి, కళ్ళజోడు సవరించుకుని ఆకులు లెక్కపెట్టారు. తొమ్మిదే ఉన్నాయి. పైడమ్మ బెంగాలీలో పద్నాలుగు పేర్లూ ఒక్క గుక్కలో చదివింది. ఆయన కళ్ళు మూసుకుని విని, తల ఊపి, కట్ట తీసుకుని వెళ్ళిపోయారు.

"తొమ్మిదే ఉన్నాయి కదా" అన్నాను.

"ఆయనకీ తెల్సు. మిగతావి ఈ ఊల్లో దొరికి సానా రోజులయినాది. ఉన్న సోట ఇల్లు కట్టీసినారు. పేర్లయినా ఇనాల కదా మరి."

మధ్యాహ్నం వాళ్ళింట్లో తిన్నాను. తొమ్మిది ఆకులూ కలిపి వేయించిన కూర, కొంచెం చేదు, కొంచెం జిగురు, ఆవాల ఘాటు. పంచదార వెయ్యలేదు. గౌరి పళ్ళెం అంచున పైడమ్మ నిమ్మకాయ చెక్క పెట్టింది. తిన్నాక గౌరి అలవాటుగా పొయ్యి వైపు చూసింది. పొయ్యి మీద టీ గిన్నె లేదు. గౌరి మంచినీళ్ళు తాగింది.

పైడమ్మ కూడా పురుగుల మాత్ర వేసుకుంది. సన్యాసి ఎక్కడినుంచో పాత రబ్బరు బూట్లు రెండు జతలు తెచ్చాడు. ఆమె అవి తొడుక్కుని నాలుగడుగులు వేసి, బాతులా ఉందని విప్పేసి, గౌరి మళ్ళీ తొడుక్కోమంటే తొడుక్కుంది.

మర్నాడు నేను రైలెక్కాను.

తర్వాత వచ్చిన ఉత్తరం

ఫిబ్రవరిలో సుభద్ర ఉత్తరం రాసింది. గౌరికి ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పురుడు కష్టమే అయింది, రక్తం ఎక్కించాల్సి వచ్చింది. ఒక సీసా సన్యాసి ఇచ్చాడు. రెండోది దొరక్కపోతే, ఇదంతా మన పని కాదన్న రామ్మూర్తి అన్నయ్యగారు వర్క్‌షాపు నుంచి నేరుగా వెళ్ళి ఇచ్చారట. ఇచ్చి వచ్చి రెండు రోజులు మంచం దిగలేదట. తల్లీ పిల్లా బాగానే ఉన్నారు.

పైడమ్మ గురించి కూడా రాసింది. ఇప్పుడు ఆ సందులో ఎవరు కడుపుతో ఉన్నా, కనురెప్ప లాగి చూసి ఆస్పత్రికి బయల్దేరదీస్తోందట. గేటు కాపలావాడికీ ఆమెకీ మాటల్లేవట, అయినా అతను ఆపడం మానేశాడట. మొన్న పక్క గదిలో అమ్మాయిని తీసుకెళ్ళిందట. డాక్టరమ్మ పరీక్ష చేసి ఈ అమ్మాయికి రక్తం బాగానే ఉంది, ఇంటికి తీసుకెళ్ళమంటే, పైడమ్మ కదల్లేదట. సరిగ్గా చూడలేదని, ఇంకోసారి చూడమని, చూసేదాకా అక్కడి బల్ల మీదనుంచి లేవనని సాయంత్రం దాకా కూర్చుందట. రెండోసారి కూడా బాగానే ఉందని తేలాకే ఇంటికెళ్ళిందట.